పదికి ఎంత?

తెలుగులో నొప్పికి ఉన్నన్ని పేర్లు మరే బాధకీ ఉన్నట్టు తోచదు. తలకి వచ్చేది పోటు, పుండుకి వచ్చేది సలుపు, జ్వరం తగిలే ముందు ఒంటికి వచ్చేవి తీపులు. కడుపులో మెలిపెడుతుంది, కాళ్ళు పీకుతాయి, నరం లాగుతుంది, నడుం పట్టేస్తుంది, కీలు కలుక్కుమంటుంది, పన్ను జివ్వుమంటుంది. వచ్చినవాడు వీటిలో ఏ మాట వాడాడో విని మా ఊళ్ళో ఆరెంపీ వైద్యుడు సగం రోగనిర్ణయం చేసేసేవాడు. ఇంత సంపదని వెంటబెట్టుకుని వచ్చిన నేను 2008 నుంచీ తూర్పు కెంటకీ కొండల్లో, ఒక చిన్న ఊరి క్లినిక్కులో, రోజంతా వింటున్నది ఒట్టి అంకెల్ని. "మీ నొప్పి పదికి ఎంత?" అని అడగాలి. వాళ్ళు "ఎనిమిది" అనాలి. దాన్ని కంప్యూటర్లో ఎక్కించాలి. అంతటితో నొప్పిని "చూసినట్టు" లెక్క.

చాలాకాలంగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్న టపా ఇది. ఆ అంకె గురించీ, దాని చుట్టూ అల్లుకున్న మందుల గురించీ. (రోగుల వివరాలు ఎవరూ పోల్చుకోలేనంతగా మార్చి రాస్తున్నాను.)

ముందు నేనిక్కడికి ఎలా వచ్చానో చెప్పాలి. జె-1 వీసా మీద శిక్షణకి వచ్చిన విదేశీ వైద్యులు, శిక్షణ ముగిశాక రెండేళ్ళు స్వదేశంలో ఉండి రావాలని ఇక్కడి నిబంధన. ఆ షరతు తప్పించుకోవాలంటే డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పనిచెయ్యాలి. అందువల్లనే అపలాచియా కొండల్లో, తెలుగు కిరాణా కొట్టు నూరుమైళ్ళ దూరంలో కూడా లేని ఊళ్ళలో, రావులూ రెడ్లూ పేర్లతో బోర్డులు కనిపిస్తాయి. మూడేళ్ళకని వచ్చినవాళ్ళలో కొందరు ఉండిపోతారు. నేనూ ఉండిపోయాను.

ఇది బొగ్గు గనుల దేశం. సింగరేణి కుటుంబాల్లో పుట్టినవారికి నేను వేరే వర్ణించనక్కరలేదు. ఇక్కడి కొన్ని గనుల్లో బొగ్గుపొర నాలుగడుగుల ఎత్తయినా ఉండదు. ముప్ఫై ఏళ్ళు వంగి, మోకాళ్ళ మీద పాకుతూ పనిచేసిన నడుములు యాభయ్యో పడికే అరిగిపోతాయి. గనులు మూతబడ్డాయి, నడుంనొప్పులు మిగిలాయి. ఆ నొప్పులకి ఇరవయ్యేళ్ళపాటు ధారాళంగా దొరికినవి నల్లమందు జాతి మాత్రలు. వైద్యభాషలో ఓపియాయిడ్లు.

ఆ అంకె పుట్టుక వెనక మంచి ఉద్దేశమే ఉంది. నాడి, శ్వాస, జ్వరం, రక్తపోటు చూసినట్టే నొప్పినీ ప్రతిసారీ చూడాలని 1990ల మధ్యలో అమెరికన్ పెయిన్ సొసైటీ ప్రచారం మొదలుపెట్టింది. అప్పటిదాకా శస్త్రచికిత్సలు అయినవాళ్ళూ, కేన్సర్ ముదిరినవాళ్ళూ మూలుగుతున్నా వైద్యులు సరిగా పట్టించుకోలేదన్నది నిజమే. 2001లో ఆసుపత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ కూడా నొప్పిని అంచనా వెయ్యడాన్ని తన ప్రమాణాల్లో చేర్చింది. ఈలోగా 1996లో పర్డ్యూ ఫార్మా వారి ఆక్సీకాంటిన్ బజారుకి వచ్చింది. కొలిచే అంకె ఒకచేత, తగ్గించే బిళ్ళ ఒకచేత పెడితే, తీరికలేని డాక్టరు ఏం చేస్తాడో ఊహించడం కష్టం కాదు.

ఈ మందులతో వ్యసనం బహు అరుదని నమ్మించడానికి పనికొచ్చిన ఆధారాల్లో ఒకటి, 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన ఐదు వాక్యాల ఉత్తరం. ఆసుపత్రిలో చేరి ఈ జాతి మందుని ఒక్కసారైనా పుచ్చుకున్న 11,882 మందిలో వ్యసనం నమోదైంది నలుగురికేనని దాని సారాంశం. ఇంటి దగ్గర ఏళ్ళ తరబడి మింగేవాళ్ళ గురించి అందులో ఒక్క ముక్క లేదు. అయినా ఆ ఉత్తరాన్ని 608 సార్లు ఉటంకించారని 2017లో అదే పత్రికలో లెక్క తేల్చారు. 2007లో, మాకు కొండ అవతల వర్జీనియా రాష్ట్రంలో ఉన్న ఆబింగ్డన్ కోర్టులో, పర్డ్యూ అనుబంధ సంస్థా, ముగ్గురు పెద్ద అధికారులూ ఆ మందుని తప్పుడు వివరాలతో అమ్మిన నేరం ఒప్పుకుని, అరవై కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి అంగీకరించారు. అప్పటికీ జోరు తగ్గలేదు. 2012లో అమెరికా మొత్తం మీద ఈ మందులకి రాసిన చీటీలు పాతిక కోట్లు దాటాయి.

ఆ తర్వాత చీటీలు తగ్గాయి. చావులు తగ్గలేదు. బిళ్ళ దొరకనివాడు హెరాయిన్‌కీ, అక్కణ్ణుంచి దొంగచాటు ఫెంటానిల్‌కీ పోయాడు. 2021, 2022 సంవత్సరాల్లో అన్ని రకాల మత్తుమందులూ కలిపి, మోతాదు మించి పోయినవాళ్ళు ఏడాదికి లక్షమందికి పైనే.

ఇంతవరకూ పత్రికల్లో అందరూ చదివిన కథే. నేను చెప్పదలుచుకున్నది ఆ కథలో ఎవరూ పట్టించుకోని పాత్రల గురించి. ఇన్నేళ్ళుగా ఈ మాత్రలు వాడుతూ, ఎవరికీ అమ్ముకోక, ఎక్కడా దొంగతనం చెయ్యక, డాక్టరు రాసినవి రాసినట్టు మింగుతూ వచ్చిన మనుషుల గురించి. వాళ్ళ బరువంతా పడేది నొప్పి నిపుణుల మీద కాదు, మాబోటి ఊరి డాక్టర్ల మీద.

ఇక్కడ రెండు ప్రశ్నల్ని విడదీసి చూడాలి. ఒకటి: ఇప్పటిదాకా వాడనివాడికి మొదలుపెట్టవచ్చా? దీనికి జవాబు చాలావరకు దొరికింది. మినియాపొలిస్‌లోని మాజీసైనికుల ఆసుపత్రి వైద్యురాలు ఎరిన్ క్రెబ్స్ బృందం, ఏళ్ళనాటి నడుం, తుంటి, మోకాలి నొప్పులున్న 240 మందిని రెండు జట్లుగా చేసింది. ఒక జట్టుకి ఓపియాయిడ్లూ, రెండోదానికి మామూలు నొప్పిమందులూ ఇచ్చి ఏడాదిపాటు గమనించింది. 2018లో ఫలితాలు వచ్చాయి. పనులు చేసుకోగలగడంలో రెండు జట్లకీ తేడా లేదు. నొప్పి తీవ్రత మామూలు మందుల జట్టులోనే కాస్త తక్కువ. దుష్ఫలితాలు ఓపియాయిడ్ల జట్టులో ఎక్కువ. అంచేత కొత్తగా నడుంనొప్పితో వచ్చినవాళ్ళకి నేనీ దారి చూపించను. వ్యాయామం, ఫిజియోథెరపీ, మామూలు మాత్రలు, నిద్ర, దిగులుంటే దానికి వైద్యం... వీటితోనే సర్దుకురావాలి.

రెండో ప్రశ్న: పదిహేనేళ్ళుగా వాడుతున్నవాణ్ణి ఏం చెయ్యాలి? ఆ 240 మందిలో అలాంటివాళ్ళెవరినీ చేర్చుకోలేదు. మొదలుపెట్టడం మంచిది కాదన్నారు కనక ఆపెయ్యడం మంచిదే అయ్యుంటుందని తీర్మానించడం తర్కానికి లొంగుతుందేమో గానీ ఒంటికి లొంగదు. ఇన్నేళ్ళు వాడిన శరీరం ఆ మందునే ఆధారం చేసుకుని నిలబడి ఉంటుంది. దాన్ని ఒక్కసారి లాగేస్తే నొప్పి రెట్టిస్తుంది, నిద్ర పోతుంది, ఒళ్ళంతా వణుకు, విరేచనాలు, దిగులు. కొందరు ఆత్మహత్యకి కూడా సిద్ధపడతారు.

2016లో రోగనియంత్రణ సంస్థ సీడీసీ ప్రాథమిక వైద్యులకి మార్గదర్శకాలు విడుదల చేసింది. మోతాదుని మార్ఫిన్ లెక్కలోకి మార్చి చూసినప్పుడు, రోజుకి 50 మిల్లీగ్రాములకి చేరితే ఆచితూచి అడుగెయ్యమంది. 90కి పెంచకుండా చూడమనీ, పెంచితే తగిన కారణం ఉండాలనీ అంది. అది సలహా. దాన్ని బీమా సంస్థలూ, మందుల దుకాణాలూ, కొన్ని రాష్ట్రాలూ శాసనంగా చదువుకున్నాయి. నెలల్లో తగ్గించాల్సినవాటిని వారాల్లో తెగ్గోశారు. అకస్మాత్తుగా ఆపితే ప్రాణాపాయమని 2019 ఏప్రిల్లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 2021లో వచ్చిన అధ్యయనమొకటి, నిలకడగా పెద్ద మోతాదు వాడుతున్న లక్షా పదమూడువేల పైచిలుకు మంది రికార్డులు తిరగేసి, మోతాదు తగ్గించినవారిలో మోతాదు మించిన ప్రమాదాలూ, మానసిక సంక్షోభాలూ ఎక్కువగా కనిపించాయని చెప్పింది. 2022లో సీడీసీ తన మార్గదర్శకాలని తిరగరాసి, ఆ 90 గీతని సిఫారసుల్లోంచి తీసేసింది.

ఈ రెండింటి మధ్య కాలంలో, 2017 వసంతంలో, నా దగ్గరికి ఒక మాజీ గనికార్మికుడు వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ళు. పైకప్పు రాయి మీదపడి నడుం విరిగింది, రెండు ఆపరేషన్లయ్యాయి. ఇరవై మైళ్ళ అవతల ఉన్న ఆయన డాక్టరు వైద్యం మానేసి వెళ్ళిపోయాడు. ఈయన నాలుగు క్లినిక్కులకి ఫోన్ చేస్తే నాలుగూ "ఆ మందులు వాడేవాళ్ళని కొత్తగా తీసుకోవడంలేదు" అన్నాయి. (ఇది మా కొండల వింత కాదు. మిషిగన్ రాష్ట్రంలో 194 ప్రాథమిక క్లినిక్కులకి రోగుల్లా ఫోన్ చేసి అడిగిన పరిశోధకులకి 79 చోట్ల ఇదే జవాబు వచ్చిందని 2019లో అచ్చయింది.) జేబులో తొమ్మిదిరోజుల మాత్రలున్నాయి. నర్సు మామూలుగా "పదికి ఎంత?" అని అడిగింది. ఆయన అన్నమాట నేను మర్చిపోలేదు. "ఎంతంటే నన్ను బయటికి పంపకుండా ఉంటారో ఆ అంకె వేసుకోండమ్మా."

ఆయన రోజుకి వాడుతున్నది నిదానంగా కరిగే ఆక్సీకొడోన్ 40 మిల్లీగ్రాములవి రెండు, పదివి నాలుగు. మొత్తం 120. దాన్ని ఒకటిన్నరతో గుణిస్తే మార్ఫిన్ లెక్కలో 180. చెప్పిన గీతకి సరిగ్గా రెట్టింపు.

మొదటిరోజు నేను మోతాదు ముట్టుకోలేదు. మా రాష్ట్రంలో ఇలాంటి మందులు ఎవరు, ఎప్పుడు, ఎన్ని తీసుకున్నారో చూపించే కాస్పర్ అనే పట్టిక ఉంది. 2012 చట్టంతో దాన్ని చూడకుండా రాయడానికి వీల్లేకుండా పోయింది. చూస్తే, నిద్రకని వేరే డాక్టరు ఆల్‌ప్రజొలామ్ రాస్తున్నట్టు తేలింది. ఈ రెండూ కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. ఆ డాక్టరుతో మాట్లాడి, దాన్ని మెల్లగా తగ్గించే ఏర్పాటు చేశాం. అదీ ఒక్కసారి ఆపకూడని మందే, మూర్ఛలొస్తాయి. గురక గురించి భార్యని అడిగి నిద్ర పరీక్షకి పంపాం. మూత్రపరీక్ష చేశాం. ఇక్కడొక చిన్న విషయం చెప్పాలి. "ఓపియేట్స్" అని పేరున్న సాధారణ పరీక్ష మార్ఫిన్, కోడీన్లని పట్టుకుంటుంది గానీ ఆక్సీకొడోన్‌ని చాలాసార్లు పట్టుకోదు, ఫెంటానిల్‌ని అసలు పట్టుకోదు. అది తెలియక, "రాసిన మందు ఒంట్లో లేదు, అంటే అమ్ముకుంటున్నావు" అని నిజాయితీపరుల్ని గెంటేసిన సందర్భాలు నాకు తెలుసు. చివరగా నాలోక్సోన్ ఇచ్చి, ఆయన ఊపిరి మందగిస్తే ముక్కులో ఎలా కొట్టాలో భార్యకి నేర్పించాం. (2023 నుంచి అది చీటీ లేకుండానే దొరుకుతోంది.)

ఆ పైన మూడు ప్రశ్నలు. గడిచిన వారంలో సగటున నొప్పి ఎంత? బతుకులోని ఆనందానికి అది ఎంత అడ్డొచ్చింది? రోజువారీ పనులకి ఎంత అడ్డొచ్చింది? ఈ మూడు ప్రశ్నల పట్టికని 2009లో తయారుచేసినదీ ఆ క్రెబ్స్ బృందమే. ఇవీ పదికి ఇంతని చెప్పేవే, నిజమే. కానీ రెండోదీ మూడోదీ అడగ్గానే మనిషి అంకె వదిలిపెట్టి కథలోకి దిగుతాడు. ఆయన కథ ఇది: మనవడు బేస్‌బాల్ ఆడతాడు. మైదానం పక్కనున్న చెక్కబల్ల మీద పావుగంట కూడా కూర్చోలేక, ఆట చూడ్డం మానేసి రెండేళ్ళయింది. "అయితే మన లెక్క ఆ బల్లతోనే" అన్నాను.

మూడు నెలలు అదే మోతాదులో ఉంచాం. ఆయనకి ముందు నమ్మకం కలగాలి కదా. తర్వాత తగ్గించడం గురించి అడిగాను. భయపడుతూనే సరే అన్నాడు. పది మిల్లీగ్రాముల బిళ్ళల్లో ఒకటి తీసేశాం. నెలకి పదోవంతు, లేదా అంతకన్నా నెమ్మది. అదీ ఆయన "ఊఁ" అంటేనే. చలికాలంలో నొప్పి ఎక్కువ కాబట్టి అప్పుడు ఆపేసి, మళ్ళీ వసంతంలో మొదలుపెట్టాం. మధ్యలో బీమా సంస్థ నుంచి "90 దాటినదానికి ఇకమీదట డబ్బివ్వం" అని ఉత్తరం వచ్చింది. అప్పటికి మేం 135లో ఉన్నాం. మా నర్సు మూడు మధ్యాహ్నాలు ఫోను పట్టుకుని కూర్చుంటే గడువు దొరికింది. ఆ మూడు మధ్యాహ్నాలకీ ఎవరూ జీతం ఇవ్వరు. బిళ్ళకి డబ్బుంది, బిళ్ళ తగ్గించే పనికి డబ్బులేదు.

రెండేళ్ళకి 90కి వచ్చి ఆగాం. అంతకన్నా దిగితే ఆయన మంచం దిగలేకపోయాడు, అందుకని ఒక మెట్టు పైకి వెళ్ళి అక్కడే ఉండిపోయాం. తలలో మబ్బు విడిపోయిందన్నాడు. మలబద్ధకం తగ్గింది. ఆటలో మూడు ఇన్నింగ్స్‌లు కూర్చుని, మిగతావి కంచె పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. "పదికి ఎంత?" అంటే మాత్రం మొదట ఎంత చెప్పాడో ఇప్పటికీ అంతే చెబుతాడు. ఏడు. ఆ ఒక్క అంకె చూసి తీర్పు చెప్పేవాళ్ళకి ఈ రెండేళ్ళ పనీ శుద్ధ దండగ.

అందరి కథా ఇలా నడవదు. నలభయ్యేళ్ళ ఒకావిడ పరీక్షలో ఫెంటానిల్ బయటపడింది. మాత్రలు చాలక వీధిలో కొంటోంది. "ఒప్పందం ఉల్లంఘించారు, ఇక రావద్దు" అని ఉత్తరం పంపడం చాలాచోట్ల పరిపాటి. ఆవిణ్ణి మా గుమ్మంలోంచి పంపేస్తే నేరుగా వెళ్ళేది ఎక్కడికో మాకు తెలుసు. వ్యసనం కూడా రోగమే, దానికి మందుంది. బ్యుప్రెనార్ఫిన్ అన్నది నొప్పికీ పనిచేస్తుంది, తపననీ అణుస్తుంది, ఊపిరి ఆపే ప్రమాదమూ తక్కువ. వ్యసనానికి దీన్ని రాయాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలన్న నియమం 2022 డిసెంబరు చట్టంతో పోయింది. ఆవిడ ఇప్పటికీ మా దగ్గరకే వస్తోంది.

ఇదంతా పెద్ద విద్యేమీ కాదు. ఒక పట్టీ, ఒక నర్సు. మా నర్సు గనికార్మికుడి కూతురు. ఆమె దగ్గర ఒక జాబితా ఉంది: ఎవరి మోతాదెంత, చివరి పరీక్ష ఎప్పుడు, మూడు ప్రశ్నల జవాబులేమిటి, ఇంట్లో నాలోక్సోన్ ఉందా, మళ్ళీ ఎప్పుడు రావాలి. చీటీలు ముప్ఫైరోజులకి కాక ఇరవై ఎనిమిది రోజులకి రాస్తాం. అప్పుడు మాత్రలు ప్రతిసారీ ఒకే వారం రోజున అయిపోతాయి, ఆదివారం నాడు ఖాళీ సీసాతో ఎవరూ వణికిపోనక్కరలేదు. ఇలాంటి ఏర్పాటునే బోస్టన్‌లో 53 మంది వైద్యుల, 985 మంది రోగుల మీద పరీక్షించి 2017లో ప్రకటించారు. నర్సూ, పట్టీ, వైద్యులకి విడిగా శిక్షణా ఉన్నచోట 65.9 శాతం మందికి సక్రమమైన పర్యవేక్షణ అందింది. కంప్యూటరు సాధనాలు మాత్రమే ఇచ్చినచోట 37.8 శాతానికే. గడువుకి ముందే మాత్రలు అడగడంలో మాత్రం తేడా కనిపించలేదు. అద్భుతాలు జరగవు గానీ, మనుషులు చేజారిపోరు.

మా ఇంటి సంగతొకటి. శ్రీకాకుళం జిల్లాలో అడ్డపొగ తాగే ఆడవాళ్ళని చూసినవారికి తెలుస్తుంది, చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుంటారు. మా నాయనమ్మా అంతే. 1994లో అంగిట్లో కేన్సరుతో పోయింది. ఆఖరి రెండు నెలలూ పట్నంలో ఒక ఆసుపత్రికి తిప్పితే, వాళ్ళ దగ్గర మార్ఫిన్ లేదు. నల్లమందు గసగసాల చేలు చట్టబద్ధంగా సాగయ్యే దేశంలో, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి జడిసి ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ ఉంచడమే మానేశాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించారు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు దశాబ్దాలు పోరాడితే వచ్చిన సవరణ అది. హైదరాబాదు ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఉంది. కానీ మా నాయనమ్మలాంటి వాళ్ళందరికీ ఆ మందు అందే రోజు ఇంకా రాలేదు. కేన్సర్ చివరిరోజుల నొప్పి వేరు, ఏళ్ళనాటి నడుంనొప్పి వేరు. రెండింటినీ ఒక గాట కట్టబట్టే, అక్కడ ఇవ్వాల్సినవాళ్ళకి ఇవ్వలేదు, ఇక్కడ అక్కరలేనివాళ్ళకి గుమ్మరించారు. ఆ తర్వాత గుమ్మరించినదాన్ని ఒక్కరోజులో లాక్కున్నారు.

ఇది చదువుతున్నవారిలో వైద్యులు కొద్దిమందే ఉండవచ్చు. కానీ నడుంనొప్పి ఉన్న అమ్మానాన్నలు అందరికీ ఉంటారు. ట్రమడాల్ వంటి మాత్రలు మన ఇళ్ళలోనూ కనిపిస్తాయి, అదీ ఈ సంతతిదే. 2018లో దాన్ని కూడా మనదేశంలో ఆ చట్టం కిందికి తెచ్చారు. ఎవరైనా నెలల తరబడి వాడుతుంటే తిట్టి లాక్కోకండి. నిద్రమాత్రలు కూడా వేసుకుంటున్నారేమో చూడండి. సీసా పిల్లలకి అందకుండా తాళం వెయ్యండి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళి, తగ్గించడం కుదురుతుందా, ఎంత నెమ్మదిగా, ఎన్నాళ్ళకి అని అడగండి. నొప్పి ఎంతని కాక, నొప్పివల్ల ఏం మానేశారో వాళ్ళని అడగండి. చాలా ఇళ్ళలో ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు.

రేపు మంగళవారం. పట్టీలో పదకొండు పేర్లున్నాయి, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు కేటాయించి ఉంది. ఇద్దరికి చీటీ తిరగరాస్తే చాలు. ముగ్గురితో కొత్తగా తగ్గించే మాట ఎత్తాలి, అది పదిహేను నిమిషాల్లో తెమిలేది కాదు. వాళ్ళని మధ్యాహ్న భోజనానికి ముందు చివరిగా వెయ్యమని నర్సుకి చెప్పాను.